కరెంటు పోయినప్పుడు పెద్దవారికి ఏ దీపం? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఇళ్ళ వైరింగ్, ఇన్వర్టర్ పనులు చేసే నన్ను ఎమర్జెన్సీ లైటు గురించి అడిగేవారు ముందుగా వాట్ల లెక్కే అడుగుతారు. ఇంట్లో డెబ్బై ఏళ్ళు దాటినవారు ఉంటే నేను తిరిగి అడిగేది వేరొకటి: రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే, ఆ దీపం వెలగడానికి వారు చీకట్లో ఏమైనా చేయవలసి ఉంటుందా?

అపోహ: హోల్డర్‌లో ఇన్వర్టర్ బల్బు (లోపలే బ్యాటరీ ఉండే బల్బు) బిగిస్తే చాలు, కరెంటు పోగానే అదే వెలుగుతుంది.

వాస్తవం: స్విచ్ వేసి ఉంటేనే వెలుగుతుంది. దుకాణదారు రెండు వేళ్ళతో పట్టుకొని వెలిగించి చూపించే ఈ బల్బు, తన రెండు కొనల మధ్య కరెంటు పారే దారి కలిసి ఉందా లేదా అన్నది చూసుకుంటుంది. ఇంట్లో ఆ దారి గోడ స్విచ్ గుండా, స్విచ్ వేసి ఉన్న తక్కిన పరికరాల గుండా ఏర్పడుతుంది. స్విచ్ ఆపితే, మీరు కావాలనే ఆర్పారని బల్బు అనుకుంటుంది. పడకగదిలో దీపం ఆర్పుకునే కదా పడుకుంటాం! అంటే అర్ధరాత్రి కోతకు ఆ గదిలో ఈ బల్బు దాదాపు నిరుపయోగమే. ఒక ఇంట్లో కొడుకు నాలుగు గదులకూ ఇవే కొని బిగించి వెళ్ళగా, మామ్మగారు ప్రతి రాత్రీ "కరెంటు దండగ నాయనా" అంటూ ఇల్లంతా తిరిగి స్విచ్‌లన్నీ కట్టేసి పడుకునేవారు. తప్పు ఆవిడది కాదు. సాయంత్రం వేళ హాలుకు, వంటింటికి ఈ బల్బు చక్కగా పనికివస్తుంది. అయితే ఆ గది ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంత తాను ఆగిపోయే స్విచ్) ఒక్కటే పడిపోయి, ఆ లైనులో మరే పరికరమూ వేసి లేకపోతే, స్విచ్ వేసి ఉన్నా ఇది వెలగకపోవచ్చు.

పడకగదికి, సాకెట్‌లో ఉంటూ కరెంటు పోగానే తనంత తాను వెలిగే చిన్న దీపం మేలు. దాని సాకెట్ స్విచ్‌ను ఎవరైనా ఆపితే, కరెంటు పోయిందనుకొని అది వెలిగి, అసలు కోత వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. అందుకే ఆ స్విచ్ మీద నేను టేపు అంటించి వస్తాను.

అపోహ: చూపు తగ్గినవారికి ఎంత పెద్ద లైటు పెడితే అంత మంచిది.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. ఇరవై ఏళ్ళ వయసులో రెటీనాకు (కంటి వెనుక తెరకు) చేరే వెలుతురుతో పోలిస్తే అరవై ఏళ్ళ వయసులో చేరేది సుమారు మూడో వంతే. అయితే వయసుతో మసకబారిన కంటి కటకం, ముఖ్యంగా శుక్లాలు ఉన్నవారిలో, వెలుతురును చెదరగొడుతుంది కనుక ఎదురుగా కొట్టే తెల్లని లైటు కళ్ళు చెదిరేలా చేస్తుంది. పైగా వెలుగులోంచి చీకట్లోకి వెళ్ళినప్పుడు వారి కన్ను సర్దుకోవడానికి మరింత సమయం పడుతుంది. కాబట్టి ఒక పెద్ద లైటుకు బదులు, మంచం నుంచి బాత్రూం దాకా మోకాలి ఎత్తుకు కింద మూడు నాలుగు చిన్న పసుపుపచ్చని దీపాలు, వెలుతురు నేల మీద పడేలా పెట్టాలి. గడప దగ్గర ఒకటి, బాత్రూంలోకి దిగే మెట్టు దగ్గర ఒకటి తప్పనిసరి.

వీటిలో మనిషి కదలికకు వెలిగేవి బాగానే ఉంటాయి కానీ, అవి చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ ఉన్న తేడాను బట్టి మనిషిని గుర్తిస్తాయి. మే నెలలో గది వేడి ఒంటి వేడికి దగ్గరైన రాత్రుల్లో అవి మందగిస్తాయి. ఎదురుగా వచ్చే మనిషికన్నా అడ్డంగా దాటే మనిషిని బాగా పసిగడతాయి కాబట్టి, నడిచే దారికి పక్క గోడకు బిగించాలి.

అపోహ: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కనుక ఇంకేమీ అక్కర్లేదు.

వాస్తవం: హాలు, పడకగదుల్లో ఫ్యాన్లూ లైట్లూ ఇన్వర్టర్ లైనులో ఉంటాయి, బాత్రూం, నడవా మాత్రం కలపకుండా వదిలేసిన ఇళ్ళు నేను ఎన్నో చూశాను. ఒక రాత్రి మెయిన్ ఆపి, పెద్దవారు నడిచే దారిలో మీరే నడిచి చూడండి.

అపోహ: దిండు కింద టార్చి ఉంటే సరిపోతుంది.

వాస్తవం: వాకర్ పట్టుకునేవారికి ఖాళీ చెయ్యే ఉండదు. టార్చి అదనంగా ఉండాలి, మెడలో వేసుకునే తాడుతో. ఇక కొవ్వొత్తి సంగతి: చీర కొంగు, దోమతెర, వణికే చెయ్యి ఉన్న చోట దాన్ని వెలిగించకండి, ఆక్సిజన్ సిలిండర్ వాడే ఇంట్లో అసలే వద్దు.

అపోహ: ఒకసారి కొని ఛార్జ్ చేసి బీరువాలో పెడితే అవసరానికి ఉంటుంది.

వాస్తవం: లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న లైటు వాడకపోయినా క్రమంగా ఛార్జ్ కోల్పోతుంది, అలాగే వదిలేస్తే పాడవుతుంది. లిథియం బ్యాటరీ కూడా పూర్తిగా అయిపోయిన స్థితిలో నెలల తరబడి ఉంటే దెబ్బతింటుంది. ప్రతి అమావాస్య రాత్రి ఒక గంట వెలిగించి, మళ్ళీ ఛార్జింగ్ పెట్టమని నేను చెబుతాను; తేదీ కన్నా తిథి పెద్దవారికి బాగా గుర్తుంటుంది. మూడు నాలుగు గంటల బ్యాకప్ మామూలు కోతలకు చాలుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మాకు కరెంటు రోజుల తరబడి లేదు, ఛార్జింగ్ లైట్లు మొదటి రాత్రికే ఆరిపోయాయి. అందుకని కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్స్‌తో వెలిగే దీపం ఒకటి కూడా ఉంచండి. సెల్స్ లోపలే ఉంచితే కారి దీపాన్ని పాడుచేస్తాయి కనుక, వాటిని విడిగా కవరులో పెట్టి దీపానికే రబ్బరు బ్యాండుతో కట్టండి.