అన్ సె యంగ్ వివాదం: మోకాలి గాయం కంటే ముందు జరిగింది

దక్షిణ కొరియా క్రీడా మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబర్ 10న బ్యాడ్మింటన్ సంఘంపై మధ్యంతర విచారణ ఫలితాలు బయటపెట్టడంతో ఆ దేశ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి అన్ సె యంగ్ గొడవ మళ్లీ రాజుకుంది. పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన రోజే ఆమె ఆ సంఘం మీద ఎందుకు మండిపడిందో తెలిసిందే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో దెబ్బతిన్న మోకాలిని జట్టు తేలిగ్గా తీసుకుందన్నది ఆమె ఫిర్యాదు. అయితే కథను మోకాలి దగ్గరే మొదలుపెడితే సగమే అర్థమవుతుంది.

అసలు మలుపు 2017 డిసెంబర్‌లో ఉంది. గ్వాంగ్జూలో మిడిల్ స్కూల్ చదువుతున్న పదిహేనేళ్ల అమ్మాయి జాతీయ జట్టు ఎంపిక పోటీల్లో ఆడిన ఏడు మ్యాచ్‌లూ గెలిచింది. పెద్దవాళ్లను ఓడించి సంపాదించుకున్న చోటు అది, ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. కానీ జించియాన్‌లోని జాతీయ జట్టు శిక్షణ కేంద్రంలో అడుగుపెట్టాక ఆమె అందరికంటే చిన్నది, అంతే. సీనియర్ల గదులు శుభ్రం చేయడం, వాళ్ల బట్టలు ఉతకడం, రాకెట్లలో తెగిన తీగలు మార్చడం ఆమె వంతయ్యాయని, ఏడేళ్లూ అదే నడిచిందని కొరియా మీడియా రాసింది.

ఆ ఏడేళ్లలో కోర్టులో ఏం జరిగిందో చూడండి. 2019లో న్యూజిలాండ్ ఓపెన్ ఫైనల్లో లండన్ ఒలింపిక్ విజేత లీ షురుయ్‌ని ఓడించింది. అక్టోబర్‌లో డెన్మార్క్ ఓపెన్‌లో, అప్పటికి రెండు నెలల కిందటే ప్రపంచ ఛాంపియన్ అయిన మన సింధును వరుస గేముల్లో ఇంటికి పంపింది. ఆ వెంటనే ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో రియో విజేత కరోలినా మారిన్‌ను దాటి టైటిల్ పట్టుకుంది. అప్పుడామెకు పదిహేడేళ్లు. అలాంటి క్రీడాకారిణి శిబిరానికి తిరిగొచ్చి ఇంకొకరి బట్టలు ఉతకాలా?

2024 ఫిబ్రవరిలో తల్లిదండ్రులు సంఘాన్ని కలిసి ఈ పద్ధతి మార్చమని అడిగారు. నెమ్మదిగా సరిచేస్తామన్న మాటే వాళ్లకు దక్కింది. విసిగి బయటికొచ్చి సొంతంగా ఆడుకుందామన్నా అప్పటి నిబంధనల్లో దారి లేదు. 2024 నాటికి జాతీయ జట్టులో అయిదేళ్లు ఆడి ఉండాల్సి వచ్చేది, పైగా ఆడవాళ్లకు 27 ఏళ్లు నిండాల్సి వచ్చేది. అప్పుడే జట్టు బయట ఉండి అంతర్జాతీయ టోర్నీలు ఆడనిచ్చేవారు. 2002లో పుట్టిన సె యంగ్‌కు ఆ వయసు 2029లో గానీ రాదు. కోచ్‌ల ఆదేశాలకు లోబడి ఉండాలన్న నిబంధన కూడా అప్పట్లో సంఘం రాతల్లోనే ఉండేది.

సంఘం వాదన వేరు. గాయం తర్వాత విడిగా కోలుకునే ఏర్పాట్లు చేశామని, పారిస్‌కు ప్రత్యేకంగా వైద్యుడిని కూడా పంపామని ఆగస్టులో సుదీర్ఘ ప్రకటన ఇచ్చింది. చాకిరీ గురించి మాత్రం గట్టి జవాబు రాలేదు.

విచారణలో తేలింది సె యంగ్ మాటలకే దగ్గరగా ఉంది. ఒలింపిక్ క్రీడల సంఘాలు 44 ఉంటే, బూట్లు, రాకెట్ లాంటివి కూడా స్పాన్సర్‌వే వాడాలని ఆటగాళ్లను అప్పట్లో కట్టడి చేస్తున్నవి బ్యాడ్మింటన్, బాక్సింగ్ మాత్రమేనని మంత్రిత్వ శాఖ చెప్పింది. వయసు నిబంధననూ తీసేయాలంది.