లోడర్ బకెట్ దిగిపోతే తప్పు సీల్‌దేనా?

ఒక పాఠకుడి ప్రశ్న ఇది. ఆయన దగ్గర పాత జేసీబీ ఉంది. రాత్రి ముందు బకెట్ పైకెత్తి ఇంజన్ ఆపేస్తే, తెల్లారేసరికి నేలమీద ఉంటోందట. మెకానిక్ చెప్పాడని బకెట్‌ని ఎత్తే లిఫ్ట్ సిలిండర్లకి సీల్ కిట్ (పిస్టన్, రాడ్‌ల చుట్టూ నూనె దాటకుండా ఆపే రింగుల సెట్) రెండుసార్లు మార్పించారు. అయినా బకెట్ దిగుతూనే ఉంది.

ముందుగా ఒక మాట: బకెట్ ఎత్తిపెట్టి బండి వదిలెయ్యడం మానండి. దాని కింద కుక్కలు పడుకుంటాయి, పిల్లలు ఆడుకుంటారు.

పాస్కల్ సూత్రం బళ్లో అందరం చదివిందే, మళ్లీ చెప్పను. కానీ ఆ పాఠంలోని బొమ్మ మీద నాకో ఫిర్యాదు ఉంది. అందులో చిన్న పిస్టన్, పెద్ద పిస్టన్, మధ్యలో నూనె, అంతే. జేసీబీ సిలిండర్‌లో పిస్టన్‌కి రెండు పక్కలా నూనె ఉంటుంది. పైగా ఒక పక్క నూనె మధ్యలోంచి లావాటి ఉక్కు రాడ్ బయటికి వస్తుంది. ఆ రాడ్‌ని మర్చిపోవడం వల్లే సీల్ కిట్లు అనవసరంగా అమ్ముడుపోతున్నాయి.

లీవర్ మధ్యలో ఉన్నప్పుడు సిలిండర్‌కి వెళ్లే రెండు పైపులూ, నూనెని అటూఇటూ పంపే వాల్వ్ దగ్గర మూసుకుని ఉంటాయి. ఇప్పుడు పిస్టన్ సీల్ అరిగిపోవడం కాదు, అసలు లేనే లేదనుకుందాం. బకెట్ దబ్బున పడుతుందా? పడదు.

సిలిండర్ లోపలి వ్యాసం 100 మి.మీ., రాడ్ 60 మి.మీ. అనుకోండి. ర్యామ్ (అంటే పిస్టన్, రాడ్ కలిసి) 10 సెం.మీ. దిగాలంటే పిస్టన్ కిందున్న అడుగు గదిలోంచి 785 ఘన సెంటీమీటర్ల నూనె కదలాలి. రాడ్ ఉన్న గదిలో కొత్తగా ఏర్పడే చోటు 502 మాత్రమే. మిగతా 283 ఎక్కడికి పోవాలి? లోపలికొచ్చిన రాడ్ ఘనపరిమాణం సరిగ్గా అంతే. అంచుదాకా నీళ్లున్న బిందెలో చెయ్యి పెడితే చేతిమందం నీళ్లు పొర్లాల్సిందే. చేతి చుట్టూ బిందె మూతి బిగించేస్తే చెయ్యి దిగదు. బిందె మధ్యలో చిల్లుల పళ్లెం ఉన్నా, లేకపోయినా తేడా రాదు. మన పిస్టన్ ఆ చిల్లుల పళ్లెమే. నూనె కాస్త నొక్కుకుంటుంది, హోస్ పైపులు కాస్త ఉబ్బుతాయి, ర్యామ్ ఓ సెంటీమీటరో రెండో దిగి ఆగిపోతుంది.

అంటే బకెట్ నేలదాకా వచ్చిందంటే నూనె సిలిండర్ దాటి బయటికి పోయింది. రాడ్ దగ్గర గానీ, హోస్ దగ్గర గానీ కారితే కింద మరక కనబడుతుంది. మరక లేదంటే అది వాల్వ్‌లోంచి మెల్లగా ట్యాంకులోకి జారుకున్నట్టే.

అలాగని సీల్‌కి క్లీన్ చిట్ ఇవ్వలేం. సిలిండర్ మీద 2 టన్నుల బరువుంటే, సీల్ బాగున్నప్పుడు అడుగు గదిలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు 25 కిలోలు. సీల్ పోతే రెండు గదుల ఒత్తిడీ సమానమైపోతుంది, బరువంతా రాడ్ అడ్డుకోత మీదే ఆగాలి. అప్పుడది 71 కిలోలు! వాల్వ్ దాదాపు మూడు రెట్ల ఒత్తిడిని, అదీ రెండు పైపుల్లోనూ ఆపాలి. ఓ మాదిరిగా కారే వాల్వ్ అప్పుడు బాగా కారుతుంది. కొత్త సీల్ వేశాక నాలుగు రోజులు "తగ్గింది" అనిపించేది ఇందుకే.

వాల్వ్‌లో లీవర్‌తో పాటు జరిగే కడ్డీని స్పూల్ అంటారు, నూనె దారులు తెరిచి మూసేది అదే. దాని చుట్టూ రబ్బరు ఉండదు. ఉక్కు స్పూల్ పోత ఇనుము బ్లాకులోని రంధ్రంలో కొన్ని మైక్రాన్ల సందుతో జారుతుంది. కొత్త బండిలోనూ కాస్త కారడం మామూలే. అయితే కారడం సందు ఘనం (క్యూబ్) లెక్కన పెరుగుతుంది: సందు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. నూనె చిక్కదనం తగ్గినకొద్దీ కూడా పెరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉండే నూనె 100 డిగ్రీల దగ్గర సుమారు 7కి వచ్చేస్తుంది. పని ఆపిన మొదటి గంటలో బకెట్ చకచకా దిగి, రాత్రి చల్లబడ్డాక నెమ్మదించడానికి కారణం ఇదే.

సందు పెంచేది దుమ్ము. ఆయుధపూజకి బండి కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతాం. బాగానే ఉంది. ఆ రోజే ట్యాంకు మూత చుట్టూ శుభ్రంగా తుడిచి ఫిల్టర్ కూడా మార్చే అలవాటుంటే దిష్టి ఇంకా బాగా తగ్గేది!

మరి వెనక బకెట్? అక్కడ ఏ సిలిండర్‌ని బరువు నొక్కుతోందో, దేన్ని లాగుతోందో చూడాలి. రాడ్‌ని బయటికి లాగే బరువైతే కథ తిరగబడుతుంది. రాడ్ గదిలోని నూనె పిస్టన్ దాటి అడుగు గదిలోకి సులువుగా పడుతుంది, అక్కడ ఇంకా ఖాళీ మిగులుతుంది. అలాంటిచోట సీల్ ఒక్కటి పోయినా చాలు.

మూడో కిట్ కొనేముందు పరీక్ష చేయించండి. లోడర్ చేతుల్ని పూర్తిగా ఎత్తి సేఫ్టీ సపోర్ట్ పెట్టాలి. ఇంజన్ ఆపి, లీవర్లు అటూఇటూ ఆడించి ఒత్తిడి తీసెయ్యాలి. రాడ్ వైపు పైపు విప్పి, పైపు చివర ప్లగ్ బిగించి, సిలిండర్ రంధ్రం తెరిచి ఉంచాలి. తర్వాత స్టార్ట్ చేసి లీవర్ ఎత్తే వైపు నొక్కి పట్టాలి, ఎదురుగా ఎవరూ ఉండకూడదు. తెరిచిన రంధ్రంలోంచి నూనె ఆగకుండా వస్తుంటే సీల్ పోయినట్టు. రెండో సిలిండర్‌కీ ఇలాగే చెయ్యాలి. కారుతోందా అని హోస్‌ల మీద చెయ్యి మాత్రం పెట్టొద్దు. సూదిబెజ్జంలోంచి వచ్చే ధార చర్మంలోకి దూరితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

రెండు రంధ్రాలూ పొడిగా ఉంటే వాల్వ్ బ్లాక్ విప్పాలి. బ్లాకులో లోడర్ చేతుల్ని నడిపే సెక్షన్‌కి రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే నూనెని ట్యాంకులోకి వదిలేది) ఉంటే ముందు దాన్ని శుభ్రం చేయించండి, సీటు మీద ఇరుక్కున్న ఓ రేణువు చాలు ఈ గొడవంతటికీ. స్పూల్ మీద గోటికి తగిలే గీతలుంటే మాత్రం ఓ-రింగులు మార్చి లాభం లేదు. స్పూల్‌నీ దాని రంధ్రాన్నీ జతగా సరిచేయించాలి, లేదా ఆ సెక్షన్ మొత్తం మార్చాలి.