కారణాంకాలు తెలియకపోయినా

హైదరాబాద్‌లో 9999 నంబరు ప్లేటంటే ఉన్న మోజు అంతా ఇంతా కాదు. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు వేలంలో దానికోసం లక్షలు పోస్తారు. లెక్కల ప్రకారం చూస్తే అది 9, 11, 101ల లబ్ధం, అంతే. నన్నడిగితే 9973 తీసుకోమంటాను. నాలుగంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది అదే. 100 లోపున్న 25 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే తేలిపోతుంది.

ఇరవై ఒక్క అంకెల సంఖ్య అయితే? దేనితో భాగించాలో తెలియకుండానే అది ప్రధాన సంఖ్య కాదని తేల్చవచ్చు. గణితంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటి లేదు.

దీనికి ఆధారం 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చెప్పిన నియమం. 2 కాకుండా ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకోండి. దానికంటే ఒకటి తక్కువగా అన్ని రెళ్లను గుణించి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాల్సిందే.

91ని పరీక్షిద్దాం. గుణించాల్సినవి 90 రెళ్లు. పన్నెండు రెళ్ల లబ్ధం 4096. 91×45 = 4095 కాబట్టి శేషం 1. పన్నెండేసి చొప్పున 84 రెళ్లు అయిపోయినా శేషం 1 దగ్గరే ఉంటాం. మిగిలిన ఆరు రెళ్లకు 64. ఒకటి రావాల్సిన చోట 64 వచ్చింది కాబట్టి 91 ప్రధాన సంఖ్య కాదు. ఈ లెక్కలో 7 గానీ 13 గానీ ఎక్కడా తగల్లేదు, గమనించారా? అయితే మూళ్లతో చేస్తే 91 మనల్ని బోల్తా కొట్టిస్తుంది. ఆరు మూళ్లు గుణిస్తే 729, అంటే 91×8కి ఒకటి ఎక్కువ. తొంభై మూళ్లకూ శేషం 1 వచ్చి, అది ప్రధాన సంఖ్యలాగే కనబడుతుంది. అందుకే ఒక్క పరీక్ష నెగ్గితే చాలదు.

ఇప్పుడు 67 రెళ్లను గుణించి ఒకటి తీసేద్దాం: 14,75,73,95,25,89,67,64,12,927. ఫ్రెంచి గణితవేత్త మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో మరో ఫ్రెంచి గణితవేత్త లూకా ఇంకా పదునైన పరీక్షతో కాదని తేల్చాడు, కారణాంకాలు మాత్రం ఆయనకూ దొరకలేదు. 1903లో న్యూయార్క్‌లో జరిగిన సభలో అమెరికన్ గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని బయటపెట్టాడు: 19,37,07,721 × 7,61,83,82,57,287. ఈ ఇరవై ఒక్క అంకెల సంఖ్య కారణాంకం ఏదైనా 134 (67కి రెట్టింపు) గుణిజానికి ఒకటి ఎక్కువే ఉంటుంది. అంత వెసులుబాటు ఉన్నా, చిన్న కారణాంకం 134కి 14,45,580 రెట్ల మీద ఒకటి. కంప్యూటర్లు లేని రోజుల్లో అక్కడిదాకా వెళ్లాడు!

ప్రధాన సంఖ్యో కాదో ఎప్పుడైనా వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. కారణాంకాలు తీయడానికి మాత్రం మామూలు కంప్యూటర్ల మీద నడిచే అలాంటి పద్ధతి ఇంకా దొరకలేదు. ఇంటర్నెట్ భద్రతకు వాడే ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత తాళాల్లో సాధారణంగా 617 అంకెల సంఖ్యలుంటాయి; ఆ సంఖ్యను కారణాంకాలుగా విడగొడితే తాళం తెరుచుకున్నట్టే. 2020లో విడగొట్టిన ఆర్‌ఎస్‌ఏ-250 అనే సవాలు సంఖ్యలో ఉన్నవి 250 అంకెలే. కానీ వేగవంతమైన పద్ధతి అసలు ఉండే అవకాశమే లేదని కూడా ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు.