గ్రాండ్ నదికి అటు ఆరు మైళ్లు, ఇటు ఆరు మైళ్లు

కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీకి చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు అక్కడి సభల్లో ‘హాల్డిమాండ్ ట్రాక్ట్’ అన్న మాట తరచూ వినబడుతుంది. గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల మేర సిక్స్ నేషన్స్ (ఆరు ఆదివాసీ జాతుల కూటమి) ప్రజలకు ఇస్తామన్న భూమిలోనే క్యాంపస్ ఉందని సభ మొదట్లో చెబుతారు. ఆ మాట వెనక 1784 నుంచి తెగని భూతగాదా ఉంది.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆరు జాతుల ఆ కూటమిని చీల్చింది. మొహాక్, సెనెకా, కయూగా, ఒనొండాగాలలో ఎక్కువమంది బ్రిటిష్ పక్షాన, ఒనైడా, టస్కరోరాలలో ఎక్కువమంది అమెరికన్ల పక్షాన నిలిచారు. 1779లో వాషింగ్టన్ పంపిన సలివన్ సేన నేటి న్యూయార్క్ రాష్ట్రంలో వారి ఊళ్లు 40 దాకా తగలబెట్టింది. మొక్కజొన్న చేలను నాశనం చేసింది, పండ్లతోటలు నరికేసింది. మనుషుల కన్నా ముందు తిండి మీద కొట్టిన దాడి అది. ఆ చలికాలం వేలాదిమంది నయాగరా కోట చుట్టూ గుడిసెలు వేసుకుని బ్రిటిష్ రేషన్ మీద బతికారు. ఆకలికీ చలికీ ఎందరో పోయారు. 1783 పారిస్ ఒప్పందంలో బ్రిటన్ వారి సొంతనేలను అమెరికాకు వదిలేసింది. తన పక్కన నిలబడి పోరాడిన ఈ జాతుల ఊసే ఆ ఒప్పందంలో లేదు.

కొత్త చోటు చూపించమని మొహాక్ నాయకుడు జోసెఫ్ బ్రాంట్ పట్టుబట్టాడు. క్యూబెక్ గవర్నర్ ఫ్రెడరిక్ హాల్డిమాండ్ 1784 మే 22న మిస్సిసాగా జాతి నుంచి ఈరీ, ఒంటారియో సరస్సుల నడుమ నేలను 1,180 పౌండ్ల విలువైన సరుకులిచ్చి కొనిపించాడు. అక్టోబర్ 25న ప్రకటన వెలువడింది: ఈరీ సరస్సు దగ్గర మొదలై నది పుట్టినచోటి దాకా, రెండు గట్ల వెంట ఆరేసి మైళ్లు, వారూ వారి సంతతీ శాశ్వతంగా అనుభవించవచ్చు. మొత్తం సుమారు 9,50,000 ఎకరాలు. మరుసటి ఏడాది లెక్కించినప్పుడు అక్కడ ఉన్నది 1,843 మంది.

చిక్కంతా ఆ హద్దుల్లోనే ఉంది. నది వంకలు తిరుగుతుంది. అది ఎక్కడ పుడుతుందో అప్పటికి సర్వే కాలేదు. మిస్సిసాగాల దగ్గర కొన్న నేల అంతదూరం పోనేలేదు. 1791లో సర్వేయర్ అగస్టస్ జోన్స్ వంకలు వదిలేసి తిన్నగా గీతలు గీశాడు. 1793లో లెఫ్టినెంట్ గవర్నర్ సిమ్‌కో ఇచ్చిన పత్రం ఆ గీతల దగ్గరే ఆగిపోయింది. ఎగువన సుమారు 2,75,000 ఎకరాలు అలా జారిపోయాయి. పైగా అమ్మాలన్నా, కౌలుకివ్వాలన్నా ప్రభుత్వం ద్వారానే జరగాలని ఆ పత్రం మెలిక పెట్టింది. అదే యుద్ధంలో ఇళ్లు వదిలొచ్చిన తెల్ల లాయలిస్టులకు (బ్రిటన్ పక్షాన నిలిచిన వలసవాసులకు) ఇచ్చింది చూడండి: 1783 ఉత్తర్వుల ప్రకారం కుటుంబ పెద్దకు 100 ఎకరాలు, ఇంట్లో మిగతావారికి తలా 50. కొన్నేళ్లకు వాటి మీద పూర్తి హక్కు పట్టాలూ వచ్చాయి.

వేట తగ్గిపోతుంటే ఏటా ఎంతో కొంత రాబడి కావాలని బ్రాంట్ అమ్మకాలకు దిగాడు. 1798లో ఎగువ భూమి ఆరు బ్లాకులుగా, సుమారు 3,50,000 ఎకరాలు, చేతులు మారింది. రెండో బ్లాకు (94,012 ఎకరాలు) రిచర్డ్ బీస్లీ, అతని భాగస్తులు తాకట్టు మీద తీసుకున్నారు. బాకీ తీర్చకుండానే బీస్లీ పెన్సిల్వేనియా నుంచి వచ్చిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ రైతులకు ముక్కలుగా అమ్మేశాడు. తమ పొలాలు తాకట్టులో ఉన్నాయని తెలిసి వాళ్లు లబోదిబోమన్నారు. చివరికి 1805లో 60,000 ఎకరాలు ఉమ్మడిగా కొని బయటపడ్డారు. నేటి కిచెనర్, వాటర్లూ నగరాలు లేచింది ఆ బ్లాకులోనే.

అమ్మిన సొమ్ము ప్రభుత్వ ట్రస్టు చేతిలో ఉండేది. అందులోంచి పెద్దమొత్తం, నదిలో పడవల రాకపోకల కోసం పెట్టిన గ్రాండ్ రివర్ నావిగేషన్ కంపెనీ షేర్లలో పెట్టారు; దానికి తాము ఒప్పుకోలేదని సిక్స్ నేషన్స్ వాదన. 1861లో ఆ కంపెనీ దివాలా తీసింది. ఈరీ, ఒంటారియో సరస్సులను కలిపే వెలండ్ ఓడల కాలువ కోసం 1829లో డన్‌విల్ దగ్గర కట్టిన ఆనకట్ట నీళ్లు ఎగదన్ని వారి పొలాలను ముంచాయి.

మిగిలింది ఆక్రమణల పాలైంది. కబ్జాదారులను ఖాళీ చేయించలేమనీ, భూమి ప్రభుత్వానికి అప్పగిస్తేనే కాపాడగలమనీ శామ్యూల్ జార్విస్ అనే అధికారి చెప్పాడు. 1841 జనవరి 18న కొద్దిమంది పెద్దలతో సంతకాలు పెట్టించుకున్నారు. కొన్ని వారాల్లోనే మిగతా పెద్దలు ఇది చెల్లదని అర్జీ పెట్టినా వినలేదు. ఇప్పుడు రిజర్వులో, అంటే వారికంటూ మిగిల్చిన భూమిలో, ఉన్నది మొదటిదాంట్లో అయిదు శాతం కన్నా తక్కువ. ఆ కాస్తలోనే 1847లో, నిలువ నీడ కోల్పోయిన మిస్సిసాగాలకు సిక్స్ నేషన్స్ చోటిచ్చారు. 1784లో ఆ నేల అమ్మినవారు వీరే.

2006లో కాలెడోనియాలో డగ్లస్ క్రీక్ హౌసింగ్ వెంచర్‌ను ఆపి నిలబడ్డవారు అడిగిందీ, 2020లో అదే ఊళ్లో మరో వెంచర్‌ను అడ్డుకున్నవారు అడిగిందీ ఈ భూమి సంగతే. మొదటి వెంచర్ స్థలాన్ని ఒంటారియో ప్రభుత్వమే కొనేసింది. కెనడా, ఒంటారియో ప్రభుత్వాల మీద సిక్స్ నేషన్స్ 1995లో వేసిన దావా మాత్రం ముందుగా కోరుతున్నది లెక్క: ఏ ముక్క ఎవరికి, ఎంతకు పోయింది, ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది, ఇప్పుడు ఎక్కడుంది.