రిజర్వ్‌కి తిప్పితే బండి ఎందుకు ఆగింది

పోయిన వర్షాకాలం రెండు నెలలు ఒంగోల్లోనే ఉండిపోయా, బెంగళూరులో రూమ్ ముందు కానుగ చెట్టు కింద బండి అలాగే వదిలేసి. పాత కార్బ్యురేటర్ బండి. తిరిగొచ్చాక నాలుగు కిక్కులకి స్టార్టయింది, పర్లేదే అనుకున్నా, మారతహళ్లి బ్రిడ్జి దాకా బానే వచ్చింది, అక్కడ మెయిన్ అయిపోయిందని రిజర్వ్‌కి తిప్పానో లేదో రెండు జర్కులిచ్చి ఆగిపోయింది.

తోసుకుంటూ షెడ్డుకి పోతే మెకానిక్ అన్న (హిందూపురం ఆయన) ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె) కింద స్క్రూ లూజ్ చేసి ఖాళీ వాటర్ బాటిల్లోకి పట్టాడు. కాసేపు కదపకుండా ఉంచితే గీత గీసినట్టు రెండు పొరలు. "ఇథనాల్ తమ్ముడూ, గాల్లో తేమంతా పీల్చేస్తాది" అన్నాడు.

అది సగమే నిజం. ఉత్త పెట్రోల్‌కి నీళ్లంటే పడదు, చుక్క పడినా అడుక్కి పోతుంది. ఇథనాల్ అంటే పెట్రోల్లో కలిపే ఆల్కహాల్, దానికి ఇద్దరితోనూ స్నేహమే, అందుకే కొంచెం నీళ్లయితే పెట్రోల్లోనే కలిపి ఉంచుకుంటుంది, అవి ఇంజన్లో ఆవిరై పోతాయి కూడా. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ 10 లీటర్లకి దాదాపు 50 మి.లీ. నీళ్లు ఓర్చుకుంటుంది, 20 శాతం కలిపిన ఈ20 అయితే ఇంకాస్త ఎక్కువే. ఆ హద్దు దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. గాలి తేమ ఒక్కటే రెండు నెలల్లో అంత పని చేయడం కష్టం. ట్యాంక్ మూత చుట్టూ వాననీళ్లు కిందికి పోయే సన్న రంధ్రం ఉంటుంది కదా, నాది కానుగాకు చెత్తతో పూడుకుపోయింది, నీళ్లు నిలబడి మెల్లగా లోపలికి దిగాయి. మెయిన్ పైపు మూతి ట్యాంకులో కాస్త ఎత్తులో ఉంటుంది, రిజర్వ్‌ది అడుగున. అందుకే అప్పటిదాకా బానే నడిచింది.

అలాగని ఇథనాల్‌ది ఏ తప్పూ లేదనను. 2023 ఫిబ్రవరిలో ప్రధాని ఈ20ని మొదలుపెట్టింది బెంగళూరులోనే. లీటర్‌కి లీటర్ చూస్తే ఇథనాల్లో శక్తి పెట్రోల్ కన్నా మూడోవంతు తక్కువ, కాబట్టి ఈ20లో 6-7 శాతం తగ్గుతుంది. కిలో పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోవాలి. కొత్త ఇంజెక్షన్ బళ్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసి పెట్రోల్ పెంచుకుంటాయి, నా బండి కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్‌కి ఉన్నది ఒకటే బెజ్జం, అది అంతే వదులుతుంది, దాంతో గాలి ఎక్కువై, ఇంధనం తక్కువై మిక్స్ పల్చనై పొద్దున్నే చోక్ లేకుండా కదలదు. పాత రబ్బరు పైపులు ఉబ్బడం వేరే తలనొప్పి. ఆక్టేన్ (ఇంజన్ నాకింగ్‌ని ఆపే గుణం) పెరగడం మంచిదే గానీ పాత ఇంజన్‌కి దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు.

నా భయమంతా ఊళ్లో నాన్న పవర్ స్ప్రేయర్ గురించి. టూ స్ట్రోక్ కదా, పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి, పొరలు విడిపోతే ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది, ఇంజన్ కింది పొర తాగితే పిస్టన్‌కి ఆయిల్ అందదు, పట్టేస్తుంది. ఆ రాత్రే ఫోన్ చేసి ట్యాంక్ ఖాళీ చేసి పెట్టమన్నా. "పోయిన సీజన్‌ది అర లీటర్ ఉందిరా, పారబోయాలా?" అన్నాడు. ముందు సీసాలో పోసి చూడు నాన్నా, గీత కనిపిస్తే స్ప్రేయర్‌లో పొయ్యొద్దు అన్నా.