బ్రెయిన్ స్టెమ్ దెబ్బ: ‘సీటీ మంచిగనే ఉంది’ నుంచి ట్రైబ్యునల్ దాకా, అపోహలు - వాస్తవాలు

మెదడునూ వెన్నుపామునూ కలిపే కాడ బ్రెయిన్ స్టెమ్. పొడవు మూడు అంగుళాలకు మించదు, మందం బొటనవేలంత. ఊపిరి, బీపీ, మింగడం, కళ్లు తిప్పడం, అసలు మెలకువగా ఉండటం అన్నీ దీని చేతిలోనే ఉన్నాయి. కాళ్లూ చేతులకు దిగే నరాల తీగలు కూడా ఇందులోంచే పోతాయి. అందుకే పైమెదడులో అయితే పెద్దగా తేడా తెలియనంత చిన్న మచ్చ ఇక్కడ పడితే మనిషి మంచాన పడతాడు. విజయవాడ రోడ్డు మీద చిట్యాల, నకిరేకల్, బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల, కొత్తకోట చుట్టుపక్కల ప్రమాదాలు జరిగిన ఇళ్లలో తరచూ వినపడే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: ‘సీటీ మంచిగనే వచ్చింది, తలకు దెబ్బ లేనట్టే.’

వాస్తవం: సీటీ రక్తం గడ్డనూ ఎముక విరుగుడునూ బాగా పడుతుంది. బ్రెయిన్ స్టెమ్ మాత్రం పుర్రెలో చాలా దట్టమైన ఎముకల మధ్య ఉంటుంది, వాటి నీడ చారలు స్కాన్‌లో అడ్డం పడతాయి. పైగా బైక్ మీంచి ఎగిరిపడ్డప్పుడు తల గిర్రున తిరిగి లోపలి నరాల పోగులు తెగుతాయి. దీన్నే డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ అంటారు. మూడు గ్రేడుల్లో బ్రెయిన్ స్టెమ్ దాకా పోయిందే మూడోది. సీటీ నార్మల్ అని ఉండి మనిషి లేవడం లేదంటే, ఊపిరీ బీపీ నిలకడకు వచ్చాక ఎంఆర్ఐ గురించి అడగండి. అందులో ఎస్‌డబ్ల్యూఐ సీక్వెన్స్ ఉండాలి, ఎందుకంటే చుక్కలంత రక్తస్రావాలు అందులోనే కనపడతాయి.

ఇంకో అంకె జీసీఎస్, అంటే మనిషికి మెలకువ ఎంతుందో కొలిచే స్కోరు. కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అతి తక్కువ 3. ఎనిమిది లేదా అంతకంటే తగ్గితే తీవ్రమైన దెబ్బ కింద లెక్క, సాధారణంగా గొంతులో ట్యూబ్ వేస్తారు. ట్యూబ్ వేసి మత్తు ఇచ్చాక రాసిన స్కోరులో మందు ప్రభావం కూడా కలిసి ఉంటుంది. కాబట్టి ట్యూబుకు ముందు ఎంతుందో కేస్ షీట్‌లో ఉందో లేదో చూసుకోండి. రేపు కోర్టులో దెబ్బ ఎంత పెద్దదో చెప్పేది ఆ అంకే.

అపోహ: ‘ఇక్కడేముంది, సీదా హైదరాబాద్ కొట్టు.’

వాస్తవం: తల దెబ్బలో ప్రాణం తీసేది తరచుగా రెండో దెబ్బ. ఆక్సిజన్ 90 శాతం కిందికి జారినా, పై బీపీ 90 కిందికి పడినా, కాసేపే అయినా సరే, అప్పటిదాకా బతికున్న కణాలు కూడా పోతాయి. అందుకే ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రి, అది నల్గొండ కానీ, సూర్యాపేట కానీ, మహబూబ్‌నగర్ కానీ. అక్కడ గొంతులో ట్యూబ్, సెలైన్, మెడకు కాలర్ పడ్డాకే ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో ముందుకు. న్యూరోసర్జన్ ఎక్కడున్నారో ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం ఈలోపే అయిపోవాలి.

రోడ్డు మీద ఇంకా పెద్ద తప్పు జరుగుతుంది. భుజాలు ఒకరు, కాళ్లు ఒకరు పట్టి ఆటో వెనక సీట్లో కుదించి కూర్చోబెడతారు. మెడ ముందుకు వాలి గాలి దారి మూసుకుపోతుంది, మెడ ఎముక విరిగి ఉంటే వెన్నుపాము కూడా పోతుంది. నోట్లో నీళ్లు పోయొద్దు. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉంచి ముగ్గురు నలుగురు కలిసి పక్కకు తిప్పండి. 108 వచ్చేదాకా హెల్మెట్ లాగొద్దు. ఊపిరి ఆడకపోతే మాత్రం ఒకరు మెడ, దవడ కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు తీయాలి.

డబ్బు మాటకొస్తే, 2025లో వచ్చిన క్యాష్‌లెస్ పథకంలో ప్రమాదం రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా, గుర్తించిన ఆసుపత్రుల్లో చికిత్స ఉంటుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆసుపత్రిలో చేరిన రోజే రెండింటి గురించీ అడగాలి.

అపోహ: ‘ఆపరేషన్ చేస్తే లేస్తడు. లేకుంటే ఆ పెద్ద ఇంజెక్షన్ ఏదో ఉందంట.’

వాస్తవం: ఆపరేషన్ గడ్డ తీస్తుంది, నీరు తీస్తుంది, ఒత్తిడి తగ్గిస్తుంది. బ్రెయిన్ స్టెమ్‌లో తెగిన పోగుల్ని అతికించే ఆపరేషన్ లేదు. మానిటాల్, 3 శాతం సెలైన్ వాపు దించుతాయి, అంతే. స్టెరాయిడ్ వేయమని బతిమాలే బంధువులు ఇప్పటికీ ఉన్నారు. పది వేల మందికి పైగా తల దెబ్బ రోగుల మీద జరిగి 2004లో ఫలితాలు వచ్చిన క్రాష్ పరిశోధనలో స్టెరాయిడ్ పడ్డవాళ్లలోనే చావులు ఎక్కువ తేలాయి. అసలు చికిత్స చూడ్డానికి చప్పగా ఉంటుంది: తల 30 డిగ్రీలు ఎత్తు, ఆక్సిజన్, బీపీ, సోడియం, జ్వరం అదుపు, రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, రెప్ప మూతపడని కంటికి ఆయింట్‌మెంట్ పెట్టి టేపు వేయడం. ఈ చప్పటి పనులు తప్పినచోటే పుండ్లూ న్యుమోనియా మొదలవుతాయి.

అపోహ: ‘కోమా అంటే బ్రెయిన్ డెడ్ అన్నట్టే.’

వాస్తవం: కాదు. 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి, వెంటిలేటర్ ఆపి సొంత ఊపిరి ఉందా అని చూసే ఆప్నియా పరీక్ష కూడా చేశాకే బ్రెయిన్ డెత్ అని రాస్తారు. అవయవదానం చూసే జీవన్‌దాన్ వాళ్ల ప్రస్తావన ఆ తర్వాతే. ఒక్క సొంత ఊపిరి తీసుకున్నా ఆ మనిషి బ్రెయిన్ డెడ్ కాడు.

అపోహ: ‘కండ్లు తెరిచి చూస్తుండు గానీ తెలివి లేదు.’

వాస్తవం: బ్రెయిన్ స్టెమ్ మధ్య భాగమైన పాన్స్‌లో ముందు వైపు దెబ్బతింటే ఒళ్లంతా, మాటతో సహా, చచ్చుబడి తెలివి మాత్రం పూర్తిగా ఉండొచ్చు. దీన్ని లాక్డ్ ఇన్ స్థితి అంటారు. కళ్లు పైకీ కిందికీ కదలడం, రెప్ప వేయడం మిగులుతాయి. పరీక్ష సులువు: ‘పైకి చూడు’ అనండి. పది నిమిషాల తేడాతో మళ్లీ అడగండి, రోజులో వేర్వేరు వేళల్లో చూడండి. వరసగా సరిగ్గా చూస్తుంటే డాక్టరుకు చెప్పి రాయించండి. ఆ తర్వాత ‘అవును’కు పైకి, ‘కాదు’కు కిందికి అని ఖాయం చేసుకోవచ్చు. అట్ట మీద క, చ, ట, త, ప, య వరుసలు రాసి, ముందు వరుస, తర్వాత అక్షరం వేలితో చూపిస్తూ పోండి. కావాల్సింది రాగానే పైకి చూస్తారు. గుణింతాలూ వత్తులూ వదిలేయండి, ‘నళ’ అంటే నీళ్లని మనకే అర్థమవుతుంది. ఆ మంచం దగ్గర పొలం పంపకాల ముచ్చట మాత్రం పెట్టొద్దు, అన్నీ వినపడుతుంటాయి.

అపోహ: ‘నోట్లో ఇంత జావ పోస్తే బలమొస్తది.’

వాస్తవం: మింగే నరాలు పోయినప్పుడు జావ ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దగ్గు నరం కూడా పోయి ఉంటే దగ్గే రాదు, కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు. మూడో రోజు జ్వరం వస్తుంది. స్పీచ్ థెరపిస్టు మింగుడు పరీక్ష చేసేదాకా ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబే. ప్రతిసారీ ట్యూబ్ మీద గుర్తు జరగలేదని చూసుకుని, తల ఎత్తి, డాక్టర్ వేరే లెక్క చెప్పకపోతే 200 నుంచి 250 మి.లీ. మెల్లగా పోసి, అరగంట అలాగే ఉంచాలి. గొంతుకు ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం పెట్టిన రంధ్రం) ఉంటే, కఫం లాగే సక్షన్ ఒక్కోసారి 10, 15 సెకన్లకు మించొద్దు.

అపోహ: ‘ఆరు నెలలల్ల రాకుంటే ఇంక రాదు.’

వాస్తవం: మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఆగిపోవాలని లేదు. ఫిజియోథెరపీ మానేస్తే మాత్రం కీళ్లు బిగుసుకుపోతాయి.

అపోహ: ‘ముందు మనిషి కోలుకోనీ, కేసు తర్వాత చూద్దాం.’

వాస్తవం: అందరికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లో, పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌లో క్లెయిమ్ పిటిషన్ పడాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నాయి, అది నమ్ముకుని మీరు ఆగొద్దు. పిటిషన్ ఇప్పుడు వేసి, వైకల్యం సాక్ష్యం స్థితి కుదుటపడ్డాక పెట్టొచ్చు. కోమాలో ఉన్నవారి తరఫున భార్య, తండ్రి లాంటి దగ్గరివాళ్లు నెక్స్ట్ ఫ్రెండ్‌గా వేస్తారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. నార్కట్‌పల్లిలో గుద్దినా, మీరుండేది నాగర్‌కర్నూల్ అయితే అక్కడి ట్రైబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

ఒక మెలిక ఉంది. తప్పెవరిదో రుజువు చేయక్కర్లేకుండా 164 సెక్షన్ కింద తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇస్తామంటారు. అది తీసుకుంటే 166 కింద వేసిన అసలు పిటిషన్ రద్దవుతుంది. బ్రెయిన్ స్టెమ్ దెబ్బకు ఆ సొమ్ము కొన్ని రోజుల ఐసీయూ ఖర్చు. లోక్ అదాలత్ రాజీ కూడా అంతే, సంతకం పడ్డాక అప్పీలు లేదు.

అపోహ: ‘సదరంల ఎంత శాతం రాస్తే అంతే పైసలు.’

వాస్తవం: రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది వేరు. చూడాల్సింది ఒంటి శాతం కాదు, సంపాదన ఎంత పోయిందన్నది. లెక్క ఇలా ఉంటుంది. 32 ఏళ్ల ట్రాక్టర్ డ్రైవర్, నెలకు 15,000 రుజువైంది అనుకోండి. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 16. మొత్తం 40,32,000. సదరం వైకల్య సర్టిఫికెట్‌లో 60 శాతమే ఉందని అంతే లెక్కేస్తే 24,19,200 వస్తుంది. మళ్లీ స్టీరింగ్ పట్టలేడని వైద్యం చేసిన డాక్టర్ సాక్ష్యం చెబితేనే మిగతా 16 లక్షలు. చావు కేసులో లాగా సొంత ఖర్చుల కింద మూడో వంతు కోత ఇక్కడ ఉండదు.

తోడు మనిషి ఖర్చు వేరే పద్దు. భార్యే చూసుకుంటుంది కదా అని దాన్ని వదిలేస్తున్నారు. 2020 నాటి కాజల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కూడా గుణకంతోనే లెక్కగట్టింది. నెలకు 10,000 అనుకున్నా పై మనిషికి 19,20,000.

అపోహ: ‘బండికి ఇన్సూరెన్స్ ఉంది, వస్తయిలే.’

వాస్తవం: థర్డ్ పార్టీ కవర్ అంటే బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివాళ్లకు ఇచ్చేది. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పకో, దాని చుట్టూ పెట్టిన రాళ్లకో రాత్రి గుద్దుకుని పడ్డ యజమానికి సొంత పాలసీలో థర్డ్ పార్టీ కింద ఏమీ రాదు. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉండి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే, పూర్తి శాశ్వత వైకల్యానికి 15 లక్షలు వస్తాయి. పత్తి ఏరడానికి ట్రాక్టర్ ట్రాలీలో పోయే కూలీలది ఇంకా కష్టం. సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి కవర్ లేదని కంపెనీ వాదిస్తుంది, భారం యజమాని మీద పడొచ్చు. కాబట్టి ట్రాక్టర్‌వీ ట్రాలీవీ రెండు పాలసీల కాపీలూ మొదటి వారంలోనే తీసుకోండి.

కాగితాలు: ఎఫ్ఐఆర్, ఎంఎల్సీ (ఆసుపత్రి రాసే మెడికో లీగల్ రికార్డు), చార్జిషీటు, ఎంవీఐ (మోటారు వాహన ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, పూర్తి కేస్ షీట్, స్కాన్ ఫిల్ములు, ఒరిజినల్ బిల్లులు. ప్రమాదం సంగతి పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టుగా, 90 రోజుల్లో వివర రిపోర్టుగా ట్రైబ్యునల్‌కు పంపాలి, ఆ కాపీ అడిగి తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీలో ‘స్టేబుల్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ట్యూబ్ ఉందో లేదో, లేచి కూర్చుంటున్నారో లేదో, మాట ఉందో లేదో కూడా రాయమని కౌంటర్ దాటకముందే అడగండి. ఆర్నెల్ల తర్వాత రాయమంటే ఎవరూ రాయరు.