కారు అద్దం మీద గీతలు: పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. తాతయ్య కొబ్బరి దింపు దగ్గర ఉన్నారు. అందుకే ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మొన్న ఫోనులో చిన్నవాడు ఒక ప్రశ్న అడిగాడు. అప్పుడే చెప్పవచ్చు కానీ, ఇన్నేళ్ళు బడిలో సైన్సు చెప్పిన నోరు కదా, రెండు ముక్కల్లో తేల్చేయడానికి మనసొప్పలేదు. “వైపరు రబ్బరు మెత్తగా ఉంటుంది, అద్దం గట్టిగా ఉంటుంది. మరి అద్దం మీద గీతలు ఎలా పడతాయి?” అన్నాడు. కారు నడిపే పెద్దవాళ్ళలోనే చాలామందికి ఈ అనుమానం రాదు. గీతలు కనబడితే వైపరు తయారుచేసినవాణ్ణి తిట్టి ఊరుకుంటారు.

రబ్బరు గాజును గీయలేదు. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త, ఏ రాయి ఏ రాయిని గీస్తుందో చూసి ఖనిజాలను ఒకటి నుంచి పది వరకు వరుసలో పెట్టాడు. అన్నిటికన్నా మెత్తని టాల్క్ ఒకటి, వజ్రం పది. ఆ లెక్కన మన గోరు రెండున్నర దగ్గర, గాజు అయిదున్నర దగ్గర నిలుస్తాయి. క్వార్ట్జ్ ఏడు. క్వార్ట్జ్ ఏ గనిలోనో దొరికే అపురూప వస్తువు అనుకోకండి. గోదావరి ఇసుక గుప్పెడు తీసి ఎండలో చూస్తే తళుక్కుమనే గాజులాంటి రేణువులు కనబడతాయి. అవే. కంటికి ఆనని రేణువైనా సరే, గాజుకన్నా గట్టిది.

ఇప్పుడు వైపరు సంగతి చూడండి. అద్దం కింద నుంచి పైకి వచ్చే ఇనుప చేతిలో ఒక స్ప్రింగు ఉంటుంది. అది బ్లేడును అద్దానికి అదిమిపెట్టి ఉంచుతుంది. రబ్బరు అంచుకూ అద్దానికీ మధ్య ఇసుక రేణువు ఇరుక్కుందంటే ఆ అదుము మొత్తం దాని మీద పడుతుంది. వడ్రంగి ఉప్పు కాగితంతో తలుపు రుద్దినట్టే, ఇక్కడ రబ్బరు ఇసుకను పట్టుకుని అద్దాన్ని రుద్దుతుంది. అదీ ప్రతిసారీ ఒకే దారిలో. అందుకే వైపరు వల్ల పడిన గీత ఎప్పుడూ విల్లులా వంగి ఉంటుంది. తిన్నగానో అడ్డదిడ్డంగానో ఉంటే అది వైపరు పని కాదు, ఎవరో పొడిగుడ్డతో అద్దాన్ని రుద్దారని అర్థం. ఇంకో రకం కూడా ఉంది. రబ్బరు చివర చిరిగిపోయి, లోపలి లోహపు రేకు అద్దానికి తగులుతూ ఉంటే ఒకచోట లోతుగా కోసుకుపోతుంది. అది మాత్రం యజమాని బద్ధకమే.

మన ప్రాంతంలో కారు అద్దానికి దుమ్ము కరవు లేదు. రావులపాలెం వైపు వెళ్ళండి, ఇసుక ర్యాంపు నుంచి వచ్చే లారీ వెనక పది నిమిషాలు కారు నడిపితే చాలు. పైన పట్టా కప్పి ఉన్నా సందుల్లోంచి సన్నగా రాలుతూనే ఉంటుంది. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, నూర్పిడి దుమ్ము గాలిలో తేలుతుంది. క్వార్ట్జ్‌లో ఉండే పదార్థం పేరు సిలికా; వరి మొక్క దాన్ని నేల నుంచి పీల్చుకుని పొట్టులో దాచుకుంటుంది. ఊకను కాల్చగా మిగిలే బూడిదలో 80 శాతానికి పైగా సిలికాయే. రైస్ మిల్లుల పక్కన, ఊకతో కాల్చే ఇటుక బట్టీల పక్కన కారు ఆపితే గంటలో అద్దం మీద బూడిద పొర కడుతుంది. మెత్తటి బూడిదే కదా అని వైపరు వేస్తే మోసపోతాం. ఇక అంతర్వేది తీర్థానికి వెళ్ళివచ్చిన కారైతే చెప్పనక్కరలేదు. సముద్రపు గాలికి వచ్చిన ఉప్పు గాజును గీయదు, అదీ గోరంత మెత్తనే. కానీ వైపరు చేతి కీళ్ళను, స్ప్రింగును తుప్పు పట్టిస్తుంది. దాంతోపాటు వచ్చే ఒడ్డు ఇసుక మాత్రం గీస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వైపరు నీళ్ళు తుడవడానికి పుట్టింది, దుమ్ము దులపడానికి కాదు. పొడి అద్దం మీద వైపరు వేయకూడదు. తొలకరి నాలుగు చినుకులు పడగానే మీ మామయ్య చేయి వైపరు మీటమీదికి వెళ్ళిపోతుంది, చూశారుగా. ఆ నాలుగు చినుకులకు అద్దం శుభ్రం కాదు, దుమ్ము బురద అవుతుంది. ముందు అద్దం మీదికి నీళ్ళు చిమ్మే మీట లాగాలి. నీళ్ళు బాగా పారిన తరువాతే వైపరు వేయాలి. రాత్రి ఆరుబయట నిలిపిన కారైతే పొద్దున్నే ఒక చెంబుడు నీళ్ళు పైనుంచి కిందికి పోస్తే సగం పని అయిపోతుంది. దీపాలకు వచ్చి కొట్టుకుని ఎండిపోయిన పురుగులను వైపరుతో గోకించకండి. తడిగుడ్డ కాసేపు వాటిమీద పరిచి ఉంచితే నానిపోయి వాటంతటవే ఊడివస్తాయి.

వైపరు శుభ్రం చేయడం మీరు చేయగల పనే. పెద్దవాళ్ళు ఒకరు దగ్గర ఉండాలి, కారు తాళంచెవి తీసేసి ఉండాలి. లేకపోతే మీ వేళ్ళు అక్కడ ఉండగా వైపరు కదులుతుంది. వైపరు చేతిని నెమ్మదిగా పైకి లేపితే ఒకచోట టక్కుమని నిలబడుతుంది. కొన్ని కొత్త కార్లలో వైపర్లు బానెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి. వాటిని బలవంతంగా లేపకూడదు, కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ముందు పైకి తెచ్చుకోవాలి. మెత్తని నూలు గుడ్డను సబ్బునీళ్ళలో తడిపి పిండండి. రెండు వేళ్ళ మధ్య గుడ్డ పెట్టి, రబ్బరు అంచును పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఊపులో లాగండి. గుడ్డ మీద నల్లటి గీత పడుతుంది. గుడ్డ మడత మార్చి మళ్ళీ లాగండి. నలుపు పలచబడి పోయేదాకా ఇదే పని. ఆ తరువాత గుడ్డ లేకుండా వేలికొసతో అంచును తడమండి. గరుకుగా ఏదైనా తగిలిందా, అక్కడే రేణువు గుచ్చుకుని ఉంది. నీళ్ళు పోసి తీసేయండి. తీసినా రావడం లేదంటే, లేదా అక్కడ రబ్బరు చీలి ఉంటే, ఆ బ్లేడుకు కాలం చెల్లిందన్నమాట.

తడుముతున్నప్పుడు ఆ రబ్బరు ఆకారం కూడా చూడండి. అంచు పెదవిలా సన్నగా ఉంటుంది, దాని పైన మెడలా ఇరుకైన భాగం ఉంటుంది. వైపరు కుడికి వెళ్ళేటప్పుడు పెదవి ఒకవైపు వాలుతుంది. ఎడమకు తిరిగినప్పుడు మెడ దగ్గర వంగి రెండోవైపు వాలుతుంది. అలా ఈడ్చుకుంటూ వెళితేనే నీళ్ళు శుభ్రంగా పోతాయి. ఎండకు, గాలిలోని ఓజోనుకు రబ్బరు గట్టిపడితే ఆ మెడ వంగదు. అప్పుడు పెదవి అద్దాన్ని పొడుచుకుంటూ గెంతుతుంది. టకటకమని ఆ చప్పుడు మీరు బస్సుల్లో కూడా వినే ఉంటారు. మన ఎండలకు రబ్బరు ఏడాది నిలిస్తే గొప్ప. ఎండాకాలమంతా వైపరుతో పని ఉండదు కాబట్టి దాని గతి ఎవరికీ తెలియదు. జూన్‌లో నైరుతి వాన మొదలయ్యాక, రాత్రిపూట, దారి మధ్యలో తెలుస్తుంది. అందుకే మే నెలాఖరునే చూసుకోవాలి.

నూనె మాట కూడా చెప్పాలి. కోనసీమలో కొబ్బరి నూనె రాయని వస్తువు లేదు. గట్టిపడిన రబ్బరుకు నూనె రాస్తే మెత్తబడుతుందని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. చెప్పేవారు మన ఇంట్లోనే ఉన్నారు, పేరెందుకు. నూనె అద్దానికి అంటుకుని రాత్రి ఎదుటి లైట్ల వెలుగును పొగమంచులా పరుస్తుంది. రబ్బరూ ఉబ్బుతుంది. కిరోసిను, పెట్రోలు అంతకన్నా చేటు. సబ్బునీళ్ళు చాలు.

అద్దం కింద, బానెట్‌కు పైన, జాలీలాంటి పల్లం ఒకటి ఉంటుంది. వైపర్లు పడుకునే చోటు అదే. కొబ్బరి చెట్టు కింద కారు పెట్టేవాళ్ళు (కాయ నెత్తిన పడితే ఏమిటన్నది వేరే సంగతి) అక్కడ చేయి పెట్టి చూడండి. రాలిన కొబ్బరి పూత, చింతాకు, వాటి కింద గుప్పెడు ఇసుక ఉంటాయి. అద్దం ఎంత తుడిచినా, ఈ పల్లం నిండుగా ఉంటే వైపరు లేచినప్పుడల్లా కొంత దుమ్మును వెంట తీసుకుని లేస్తుంది. ముందు ఇది దులిపి, తరువాత అద్దం కడగాలి.

అద్దం మీదికి చిమ్మే నీళ్ళు పోసే తొట్టిలో బోరునీళ్ళు పోయకండి. మన వైపు చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగానో, సున్నం ఎక్కువగానో ఉంటాయి. ఆరిన చోట తెల్లటి మరకలు కడతాయి, నీళ్ళు చిమ్మే సన్నటి రంధ్రం పూడుకుపోతుంది. తాగే నీళ్ళు పోయండి, లేదా అద్దాలకని అమ్మే ద్రవం కలపండి. రంధ్రం పూడితే గుండుసూదితో పొడిస్తే తెరుచుకుంటుంది.

బ్లేడు మార్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. పాత బ్లేడు తీసేశాక ఇనుప చేయి బోడిగా ఉంటుంది. ఆ స్ప్రింగు బలానికి అది జారి అద్దం మీద పడితే అద్దం పగిలిపోతుంది. నేను ముందే తువ్వాలు నాలుగు మడతలు వేసి అద్దం మీద పరుస్తాను. దుకాణంలో కొత్త బ్లేడు చేతికివ్వగానే పొడవు కొలవండి. డ్రైవరు వైపుది సాధారణంగా పెద్దది, పక్కది చిన్నది. పెద్దవి రెండు వేస్తే రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి. రబ్బరు మీద రవాణాకని వేసిన ప్లాస్టిక్ తొడుగు తీయడం మరిచిపోయి, కొత్త వైపరు తుడవడం లేదని వాపసు తెచ్చేవాళ్ళు కూడా ఉంటారట.

ఎండలో వైపర్లను లేపి నిలబెట్టాలా అని పెద్దవాడు అడిగాడు. వేడి అద్దానికి రబ్బరు అంటుకోకుండా ఉంటుందన్నది నిజమే. కానీ రోజంతా లేపి ఉంచితే స్ప్రింగు సాగి ఉంటుంది, ఏ కోతో దూడో తగిలితే చేయి అద్దం మీద పడుతుంది. నా మాటకు వస్తే, నీడ చూసుకుని ఆపండి, లేకపోతే అద్దం మీద గుడ్డ కప్పండి. కడిగేటప్పుడు తప్ప లేపకండి.

ఇక పడిపోయిన గీతల సంగతి. గోరుతో అడ్డంగా గీసి చూడండి. గోరు ఆగకపోతే పైపై గీత. సీరియం ఆక్సైడ్ అనే పొడితో తెలిసినవాళ్ళు పాలిష్ పెడితే పోతుంది. గోరు ఆగిందంటే లోతు గీత. దాన్ని పోగొట్టాలని ఒకేచోట అరగదీస్తే అద్దం అక్కడ పల్లమై, దాని వెనక రోడ్డు వంకరగా కనబడుతుంది. అది గీతకన్నా ప్రమాదం. పళ్ళపొడి, టూత్‌పేస్టు చిట్కాలు నమ్మకండి. తడిసినప్పుడు గీతల్లో నీళ్ళు నిండి కనబడవు. సాయంత్రం దిండి నుంచి చించినాడ వంతెన మీదుగా పడమటికి వెళ్ళిచూడండి, సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ఒక్కో గీతా వెలిగిపోతుంది. ఆ వెలుగులో ఎదురుగా వచ్చే సైకిలువాడు కనబడడు.

చిట్టితల్లీ, ఇది నీకు. ఈ వైపరును కనిపెట్టి పేటెంటు పొందినవారిలో తొలివారు ఒక ఆవిడ, అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్. చలికాలంలో న్యూయార్కు ట్రాముబండి ఎక్కితే, మంచుకు అద్దంలోంచి దారి కనబడక డ్రైవరు ఆ అద్దాన్ని తెరుచుకుని చలిలో వణుకుతూ నడపడం చూసింది. లోపలినుంచి తిప్పే మీట, బయట రబ్బరు పట్టీ అమర్చింది. 1903 నవంబరు 10న పేటెంటు వచ్చింది. కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. పేటెంటు గడువు తీరాక ప్రపంచంలోని కార్లన్నిటికీ వైపర్లు వచ్చాయి, ఆవిడకు పైసా రాలేదు. నాకు దీనిమీద ఇప్పటికీ కోపమే.

వెనక అద్దానికి కూడా వైపరు ఉన్న కారైతే దాన్ని అందరూ మరిచిపోతారు. కారు పరుగెత్తేటప్పుడు వెనక గాలి సుడి తిరిగి రోడ్డు దుమ్మునంతా ఆ అద్దానికే కొడుతుంది. మీ నాన్నగారి కారుకు అది ఉంది. ఈ ఆదివారం ముందు దాన్నే గుడ్డతో తుడిచి, గుడ్డమీద ఎంత నలుపు వచ్చిందో ఫోటో తీసి పంపండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ